"మనోళ్లకు గుర్రాలు లేకుండెనా మామా?": యుద్ధాల వీడియో గేముల్లో సైన్యాలు ఎంతవరకు నిజం?

దసరా సెలవులకు మా మేనల్లుడు నల్లగొండలో మా ఇంటికొచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం. బ్యాగులోంచి ఫిజిక్స్ పుస్తకం కన్నా ముందు ల్యాప్‌టాప్ తీసే రకం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే మధ్యయుగపు యుద్ధాల గేము ఆడుతూ 'ద్రవిడియన్స్' అనే జాతిని ఎంచుకున్నాడు. కాసేపటికి గుర్రపుశాల కట్టి చూస్తే, అవతలివాడి దగ్గరున్న నైట్ అనే బరువైన కవచం రౌతు ఇక్కడ లేడు. ఏనుగుంది, తేలికపాటి రౌతు ఉన్నాడు, అంతే. నా వైపు తిరిగి అడిగాడు: "మనోళ్లకు గుర్రాలు లేకుండెనా మామా?"

"ఉండె" అన్నాను.

"మరి గిండ్ల ఎందుకు లేవు?"

మొదటి ప్రశ్నకు ఒక్క మాట సరిపోయింది. రెండో దానికి ఆ సాయంత్రమంతా పట్టింది. ఎందుకంటే అందులో రెండు సంగతులు ముడిపడి ఉన్నాయి. మన సైన్యాలు నిజంగా ఎలా ఉండేవన్నది ఒకటి. ఆటలో సైన్యం దేనికోసం తయారవుతుందన్నది ఇంకొకటి. ఇలాంటి గేముల గురించి నడిచే గొడవలు చాలావరకు ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

యూనిట్ అంటే ఏమిటి, బ్యాలెన్స్ అంటే ఏమిటి

మనం చెబితే కదిలే ఒక్కో సైనిక ముక్కను యూనిట్ అంటారు. చదరంగంలో బంటు, గుర్రం, ఏనుగు ఎలాగో ఇదీ అలాగే. చదరంగం గుర్రం అడుగడుగునా వంకరగానే దూకుతుంది. అలా దూకే గుర్రాన్ని ఎవరూ చూడలేదు, అయినా అది గుర్రం కాదని ఎవరూ కొట్లాడలేదు. వీడియో గేములో యూనిట్‌కు బొమ్మ ఒక్కటే ఉండదు, వెనకాల అంకెలుంటాయి. ఎంత ప్రాణం, ఎంత దెబ్బ, ఎంత కవచం, తయారు కావాలంటే ఎంత తిండి, ఎంత కట్టె, ఎంత బంగారం, ఎన్ని సెకన్లు. ఒక జాతికి మాత్రమే దొరికే ప్రత్యేక సైనికుణ్ణి యూనిక్ యూనిట్ అంటారు.

ఇక బ్యాలెన్స్. ఈ మాట అర్థం కావాలంటే పులి-మేక ఆట గుర్తు తెచ్చుకుంటే చాలు. 3 పులులు, 15 మేకలు. పులి మేకను దూకి చంపగలదు. మేక పులిని చంపలేదు, చుట్టుముట్టి కదలకుండా కట్టేయగలదు. రెండు పక్షాల బలం ఒక్కటి కాదు, కానీ తెలిసినవాళ్లు కూర్చుంటే ఎవరైనా గెలవచ్చు. అదే బ్యాలెన్స్. "అడవిలో పులిని మేకలు కట్టేస్తాయా?" అని ఎవరైనా అడిగితే మనం నవ్వుతాం. పాత గుళ్ల మండపాల్లో బండల మీద ఆ గీతలు చెక్కినవాళ్లకు కూడా ఆ సంగతి తెలుసు. వాళ్లకు కావలసింది ఆట.

వీడియో గేము చేసేవాళ్లదీ అదే అవసరం, కాకపోతే వాళ్ల పులికి చరిత్రలోంచి ఒక పేరు తెచ్చి పెడతారు. పేచీ అక్కడ మొదలవుతుంది.

ఒక చిన్న లెక్క: బల్లెపు భటుడు, గుర్రపు రౌతు

ఏ మెరుగులూ కొనకుండా ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెడదాం. స్పియర్‌మన్ అనే బల్లెపు భటుడికి ప్రాణం 45, దెబ్బ 3, సుమారు 3 సెకన్లకో పోటు. ఖర్చు 35 తిండి, 25 కట్టె. నైట్‌కు ప్రాణం 100, దెబ్బ 10, కవచం 2, సుమారు 1.8 సెకన్లకో వేటు. ఖర్చు 60 తిండి, 75 బంగారం.

భటుడి దెబ్బ 3లోంచి కవచం 2 తీసేస్తే మిగిలేది 1. అలాగైతే నూరు పోట్లు పొడవాలి, తెల్లారిపోతుంది. అందుకే బల్లెపువాడికి గుర్రం మీద 15 అదనపు దెబ్బ ఇచ్చారు. మొత్తం 16. ఏడు పోట్లకు రౌతు పడతాడు. రౌతు కొట్టాల్సింది ఐదు వేట్లు. ఒకరికొకరైతే ఐదో వేటు ఏడు సెకన్ల దగ్గర పడుతుంది, అప్పటికి భటుడు పొడిచింది మూడు పోట్లే. చచ్చేది భటుడు.

ఇద్దరు భటులుంటే? ఏడు సెకన్లలో ఇద్దరూ కలిసి ఆరు పోట్లు, అంటే 96. మొదటివాడు పడిపోతాడు, రెండోవాడు ఇంకొక్క పోటు పొడిస్తే రౌతు పని అయిపోయింది. ఇద్దరు భటుల ఖర్చు 120, అందులో బంగారం లేదు. రౌతు ఖర్చు 135, అందులో 75 బంగారం. బీదవాడు గుంపుగా వస్తే ధనికుణ్ణి దించగలడన్నమాట.

నిజమైన యుద్ధంలో బల్లేనికి అలాంటి మాయ ఏమీ లేదు. భుజం భుజం కలిపి బల్లేలు చాచి నిలబడ్డ వరస మీదికి గుర్రం దూకదు, ఆగిపోతుంది, పక్కకు తిరుగుతుంది. వరస చెదిరితే భటుడి బతుకు అంతే. భటుడి బలం అతని చేతిలోని బల్లెంలో కన్నా పక్కనున్న మనిషిలో ఉంది. ఆటలో ఈ వరస, భయం, గుర్రం బెదురు ఏవీ లేవు. అయినా ఫలితం చూడండి: ఒంటరివాడు ఓడాడు, జత ఉన్నవాడు గెలిచాడు. కారణం తప్పు, ఫలితం ఒప్పు. ఈ తేడా పట్టుకుంటే మిగతా చర్చంతా తేలికవుతుంది.

ఏ విషయంలో నిజం?

'ఈ యూనిట్ చారిత్రకంగా సరైందేనా' అనే ప్రశ్నలో ఏ విషయంలో సరైందన్న మాట ఎప్పుడూ మిగిలిపోతుంది. వేషమా, కాలమా, చోటా, చేసే పనా?

వేషంలో తప్పు అందరికీ వెంటనే కనబడుతుంది. దీనికి పేరు మోసిన ఉదాహరణ 2004లో వచ్చిన రోమ్: టోటల్ వార్. ఆ ఆట క్రీ.పూ. 270లో మొదలవుతుంది. అప్పటికి ఈజిప్టును ఏలుతున్నది గ్రీకు మూలాలున్న టాలమీ వంశం, వాళ్ల సైన్యంలో ముఖ్యమైనది పొడవాటి ఈటెల గ్రీకు వ్యూహం. ఆటలో మాత్రం ఈజిప్టు సైనికులు వెయ్యేళ్ల కిందటి ఫారోల నాటి వేషంలో, రథాల మీద వస్తారు. ఈజిప్టు అనగానే జనం మనసులో మెదిలే బొమ్మ అదే కాబట్టి. మనకు కొత్తేమీ కాదు, మన పౌరాణిక సినిమాల్లో ఏ యుగం రాజైనా ఒకే కిరీటం పెట్టుకుంటాడు. ఆ గేము అభిమానులకు మాత్రం ఇది మింగుడుపడలేదు. పరిశోధన చేసి యూరోపా బార్బరోరమ్ అనే మోడ్ తయారుచేశారు. మోడ్ అంటే అసలు ఆటను ఆటగాళ్లే మార్చి చేసుకున్న రూపం. 2013లో వచ్చిన రోమ్ 2లో కంపెనీ కూడా టాలమీల సైన్యాన్ని గ్రీకు పద్ధతికి తెచ్చింది.

కాలంలో తప్పు కాస్త చదువుకున్నవాళ్లకే తెలుస్తుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో 2022లో వచ్చిన డైనస్టీస్ ఆఫ్ ఇండియా భాగంలో బెంగాలీల యూనిక్ యూనిట్ పేరు రథ. ఆట నడిచేది మధ్యయుగంలో. మన దేశంలో గుప్తుల కాలానికే యుద్ధరంగంలో రథానికి పెద్దగా పని లేకుండా పోయింది. దేవుడి ఊరేగింపులో ఉంది, కవిత్వంలో ఉంది, యుద్ధంలో లేదు. 2025 మే నెలలో ఇదే ఆటకు చైనా మూడు రాజ్యాల కాలం నాటి షు, వేయ్, వు పక్షాలు వచ్చినప్పుడు ఇంకా పెద్ద రభస జరిగింది. అవి 3వ శతాబ్దం నాటివి. రోమ్ పతనం తర్వాతి కాలం నుంచి కథ చెప్పే ఆటలో వాటికేం పని అని ఆటగాళ్లే అడిగారు.

చోటు విషయంలో తప్పు మనకు నేరుగా తగిలేది. 2013లో ఈ ఆటలో మొదటిసారి 'ఇండియన్స్' వచ్చినప్పుడు కన్యాకుమారి నుంచి పంజాబ్ దాకా ఒకటే జాతి. 2022లో దాన్ని విడగొట్టి హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడియన్లు అన్నారు. మెరుగే. కానీ దక్షిణాదంతా ఒకే గంపలో పడింది. ఆ గంప చోళుల కొలతలతో అల్లింది. ద్రవిడియన్ భటులు మాట్లాడేది తమిళం, వాళ్ల కథ రాజేంద్ర చోళుడిది, వాళ్ల గొప్ప తిరిసదై అనే పెద్ద ఓడ. రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ నీడన పెరిగిన పిల్లవాడు 'మనోళ్లు' అని ఎంచుకుంటే చేతికొచ్చేది నౌకాదళం. నల్లగొండలో ఓడ అంటే నాగార్జునసాగర్ లాంచీయే.

ఆ జాతికి ఇచ్చిన ఉరుమి భటుడి సంగతీ ఇలాంటిదే. ఉరుమి అనే వంగే కత్తి కేరళ కలరిపయట్టు నుంచి వచ్చింది. గిరగిరా తిప్పేవాడికి చుట్టూ ఖాళీ కావాలి. వందమందిని వరసగా నిలబెట్టి తిప్పమంటే శత్రువు కన్నా ముందు పక్కవాడి చెవి తెగుతుంది. అసలు ఆయుధం నిజం, దాన్ని ఒక దళంగా చూపించడం ఊహ.

నాకు మాత్రం ఎక్కువ ఆసక్తి కలిగించేది నాలుగో ప్రశ్న: ఆ యూనిట్ చేసే పని నిజమా అన్నది. మేనల్లుడి గుర్రాల ప్రశ్న అక్కడికే వస్తుంది.

గుర్రాల సంగతి

దక్షిణాదిలో గుర్రాలు లేవన్నది తప్పు. మంచి యుద్ధాశ్వాలు ఇక్కడ సరిపడా పుట్టేవి కావన్నది ఒప్పు. ఉక్కపోత వాతావరణం, గడ్డి నేలలు తక్కువ. అందుకే అరేబియా, పర్షియాల నుంచి సముద్రం మీద దిగుమతి. పాండ్య దేశంలో గుర్రాలకు వండిన అన్నం, మాంసం పెట్టి చంపుకుంటున్నారని మార్కో పోలో ఆశ్చర్యపోయాడు. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించి కాకతీయ ప్రతాపరుద్రుడితో సంధి చేసుకున్నప్పుడు 100 ఏనుగులు, 7,000 గుర్రాలు పట్టుకెళ్లాడని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ లెక్క. బరనీ ఇది రాసింది కొన్ని దశాబ్దాల తర్వాత. ఆస్థాన చరిత్రకారుల అంకెల్లో కొంత ఉప్పూ కారం ఉంటుంది. సగానికి సగం కొట్టేసినా, గుర్రాలు లేని రాజ్యం నుంచి గుర్రాలు పట్టుకుపోలేరు కదా.

అంటే ఆటలో చూపించాల్సింది గుర్రం లేకపోవడం కాదు, గుర్రం ఖరీదు. రౌతుకు రెండింతల బంగారం పెట్టి, అది కూడా రేవు ఉంటేనే తయారయ్యేట్టు చేస్తే చరిత్రకు దగ్గరగా ఉండేది. డిజైనర్లు అలా చేయలేదు. భారత జాతులు నాలుగింటికీ నైట్‌ను తీసేసి ఏనుగులు, ఒంటెలు, ఇంకేవో పెట్టారు. ఒక జాతితో ఆడితే ఇంకో జాతితో ఆడినట్టు ఉండకూడదు. దానికోసం ఒకరికి ఏదో ఒకటి పూర్తిగా లేకుండా చేయాలి. 'కొంచెం ఖరీదు' అనే తేడా ఆటగాడికి గుర్తుండదు, 'అసలు లేదు' అనేది గుర్తుంటుంది.

వాళ్లను తిట్టే ముందు ఒక్క మాట. ఇలా సులువు చేసి చెప్పడం మనవాళ్లూ చేశారు. మధ్యయుగ తెలుగు రచనల్లో ఢిల్లీ సుల్తాను అశ్వపతి, ఒడిశా రాజు గజపతి, విజయనగర రాజు నరపతి. ఒకరికి గుర్రాలు, ఒకరికి ఏనుగులు, ఒకరికి కాల్బలం. అచ్చం గేము మెనూలా లేదూ? కానీ ఆ నరపతులే గుర్రాల కోసం పోర్చుగీసు వాళ్లతో బేరాలాడారు. విజయనగరపు రెండో దేవరాయలు ముస్లిం విలుకాండ్రను కొలువులో పెట్టుకున్నాడు. ఒక రాజ్యానికి ఒక బలం, ఒక జాతికి ఒక సైన్యం అనే గీత కాగితం మీదే ఉంది. వనపర్తి సంస్థానం వారు ఆఫ్రికా సంతతి సిద్దీలతో పెంచిన అశ్వదళం తర్వాత నిజాం సైన్యంలో కలిసింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అన్న పేరు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందే. ఇప్పుడు ఏ ఆటలోనైనా 'వనపర్తి రౌతు' అని ఒక యూనిట్ పెడితే, దాని ముఖం ఎలా ఉండాలో డిజైనర్ ఊహించగలడా?

ఏనుగు బెదిరితే?

ఆటలో ఏనుగంటే నడిచే గోడ. పర్షియన్ల వార్ ఎలిఫెంట్‌కు ప్రాణం 450, అంటే పది మంది బల్లెపు భటులకు సమానం. ప్రాణం ఒక్కటి మిగిలినా అది ముందుకే నడుస్తుంది. నిజమైన ఏనుగు అలా నడవదు. గాయపడితే, మంట చూస్తే, చప్పుడుకు బెదిరితే వెనక్కి తిరిగి సొంతవాళ్లనే తొక్కుతుంది. 1526 పానిపట్‌లో ఇబ్రహీం లోడీ దగ్గర వెయ్యి ఏనుగులున్నాయని బాబర్ రాసుకున్నాడు. అవి బాబర్ ఫిరంగుల ముందు ఆగలేదు. 1556లో అదే పానిపట్‌లో ఏనుగు మీదున్న హేముకు కంట్లో బాణం తగిలింది. సైన్యం ఎంత మిగిలి ఉన్నా ఆ క్షణానికే యుద్ధం అయిపోయింది.

ఈ భయాన్నీ ధైర్యాన్నీ గేము భాషలో మొరేల్ అంటారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో మామూలు భటుడికి అది లేదు, చచ్చేదాకా కొట్లాడతాడు. టోటల్ వార్ ఆటల్లో ఉంది. సేనాని పడితే దళం చెదురుతుంది, ఏనుగు మదమెక్కితే అదుపు తప్పుతుంది. రోమ్: టోటల్ వార్‌లో అలాంటి ఏనుగును మావటి చేతనే చంపించే మీట ఒకటుంది. కార్తేజ్ సేనాని హస్ద్రుబాల్ మావటీలకు ఉలి, సుత్తి ఇచ్చేవాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన మాట దానికి ఆధారం. ఈజిప్టు వేషం తప్పిన అదే ఆట, ఏనుగు స్వభావం దగ్గర మిగతా ఆటలన్నిటికన్నా నిజం. ఒక ఆటను 'కరెక్ట్', ఇంకోదాన్ని 'తప్పు' అని మొత్తంగా ముద్ర వేయలేకపోవడం ఇందుకే.

మట్టి గోడ ఎందుకు గట్టిది

ఆటలో గోడలకు ఒక మెట్ల వరస ఉంటుంది. కట్టె గోడ బలహీనం, రాతి గోడ బలం, ఇంకా ఖర్చు పెడితే ఇంకా బలం. మట్టి గోడ ఊసే లేదు. ఓరుగల్లు కోటకు రాతి గోడ బయట ఒక మట్టి గోడ ఉండేది. 1310 ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో ఆ గోడ గురించి చెప్పిన మాట బాగుంటుంది: ఉక్కు బల్లెం కూడా దానిలో దిగదట, యంత్రంతో రాయి విసిరితే పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి వస్తుందట. కవి కాబట్టి కొంత అతిశయం ఉంటుంది, కానీ లోపలి విషయం నిజం. రాయి పగులుతుంది, మందంగా మెత్తిన మట్టి దెబ్బను మింగేస్తుంది. ఆట లెక్కలో చవక అంటే బలహీనం. ఖుస్రో చూసిన గోడకు ఆ లెక్క తెలియదు.

మన వైపు కోటలైతే అసలు ఆట వ్యాకరణంలోనే ఇమడవు. భువనగిరి కోట ఒకే బండ మీద ఉంది. ద్రవిడియన్లకు తలుపులు బద్దలుకొట్టే కవచపుటేనుగు ఇచ్చారు. దానికి కొంత ఆధారం ఉంది, ఏనుగులు గుద్దుతాయనే గోల్కొండ దర్వాజాలకు ఇనుప మేకులు దిగ్గొట్టారు. కానీ భువనగిరి బండ మీదికి ఆ ఏనుగును ఎక్కించేదెవరు? బడి పిల్లలతో ఒకసారి ఆ మెట్లు ఎక్కితే సగంలోనే నాకు ఆయాసం వచ్చింది, కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయాను. కింద నుంచి చూస్తే ఎండకు మెరిసే నున్నటి రాయి, పట్టు దొరికే పగులు కూడా లేదు. ఇలాంటి కోటలు బలంతో కన్నా ఆకలితో, బేరంతో పడేవి. 1687లో గోల్కొండ ఔరంగజేబుకు ఎనిమిది నెలలు లొంగలేదు, చివరికి లంచం తిన్నవాడు లోపలి నుంచి తలుపు తీశాడు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో దీనికి దగ్గరగా వచ్చేది సన్యాసి ఒక్కడే. మంత్రం చదివి శత్రువు భటుణ్ణి తనవైపు తిప్పుకుంటాడు. అందరూ నవ్వుకునే యూనిట్ అది. లంచం స్థానంలో మంత్రం పెట్టారనుకుంటే మరీ అంత నవ్వులాట కాదు.

ఉక్కు, లెంక: పేరు నిజం, పని వేరు

ద్రవిడియన్లకు 'ఊట్జ్ స్టీల్' అనే సాంకేతికత ఉంది. కొంటే కాల్బలం, ఆశ్వికదళం దెబ్బ శత్రువు కవచాన్ని లెక్కచేయదు. ఊట్జ్ అన్న మాట మన 'ఉక్కు' నుంచే పోయిందని పండితులంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు తీసే పద్ధతిని 1820 దశకంలో వాయిసీ అనే ఆంగ్లేయుడు చూసి రాశాడు. దానికోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవారు. పేరూ చోటూ సరిపోయాయి. కవచాన్ని వెన్నలా కోసే కత్తి మాత్రం కథల్లోదే. పైగా ఇక్కడి నుంచి పోయింది ఎక్కువగా ఉక్కు ముద్దలు, పేరు తెచ్చుకున్నవి వాటితో పర్షియా వైపు చేసిన కత్తులు.

ఇక ఆటలో లేనిదాని గురించి. కాకతీయ శాసనాల్లో లెంకలు కనిపిస్తారు. ఏలికతో పాటే ప్రాణం విడుస్తామని ప్రమాణం చేసినవాళ్లు. నాయంకరం అనే పద్ధతి ఉండేది, ఊళ్ల మీద ఆదాయం అనుభవించే నాయకుడు రాజు పిలిచినప్పుడు సైన్యం తేవాలి. అంటే ఆటలో లాగా తిండీ బంగారం ఇవ్వగానే బ్యారక్స్ నుంచి ముప్పై సెకన్లలో భటుడు ఊడిపడడు. అతని వెనుక ఒక చెరువు, దాని కింద పొలం, ఆ పొలం మీద హక్కున్న నాయకుడు ఉన్నారు. లెంకను యూనిట్‌గా పెట్టడం సులువు, నాయంకరాన్ని పెట్టడం కష్టం. నాకైతే రెండోదే పెట్టాలని ఉంది.

వడిసెలకు బంగారం ఎందుకు?

ఇంకాల జాతికి స్లింగర్ అనే యూనిట్ ఉంది. వడిసెలవాడు. ఖర్చు 30 తిండి, 40 బంగారం. మా అమ్మమ్మ ఈ మాట వింటే నవ్వేది. జొన్నచేను కాడ మంచె మీద కూర్చుని పిట్టల్ని కొట్టే పిల్లగాడికి నారతాడు, మధ్యలో అరచేతంత అల్లిక, గుప్పెడు రాళ్లు చాలు. ఒక కొస వేలికి చుట్టుకుని, రెండో కొస పట్టుకుని, తల మీద తిప్పి వదలడం. ఆ 'టప్'మన్న చప్పుడుకే సగం పిట్టలు లేచిపోతాయి. బంగారం ఎక్కడిది?

బంగారం పెట్టింది బ్యాలెన్స్ కోసం. ఊరికే దొరికే ఆయుధం కాల్బలాన్ని చిత్తు చేస్తుంటే ఆట పాడవుతుంది. కానీ వడిసెల చరిత్ర మొత్తం అది ఊరికే దొరకడంలోనే ఉంది. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో ఊళ్లు మొదట చేతపట్టింది వడిసెల, గుతుప, రోకలి, కారంపొడి. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలైనప్పుడు ఆ ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. గుతుపలు పట్టుకున్నవాళ్లు ఏ బ్యారక్స్‌లోనూ తయారు కాలేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఊరి గంట కొడితే విలేజర్లందరూ పని వదిలి లోపలికి పరుగెత్తి దాక్కుంటారు. బయటికొచ్చి ఎదురు తిరగడం అనే మీట ఆ గంటకు లేదు.

ఎవరి వాదన ఏమిటి

'ఆట ఆటే' అనేవాళ్ల మాటలో పస ఉంది. 200 మంది జనాభాతో, అరగంటలో, చీకటి యుగపు గుడిసె నుంచి ఫిరంగి దాకా నడిచే కథలో నూటికి నూరుపాళ్లు నిజం అడగడం అత్యాశ. పూర్తి నిజం పెడితే ఆటలో ఎక్కువ సమయం గడ్డి మోయడం, జీతాలు పంచడం, వర్షం ఆగేదాకా కూర్చోవడమే అవుతుంది.

అవతలివాళ్లు అంటారు: ఎంతోమంది పిల్లలకు మధ్యయుగం గురించి తెలిసిన మొదటి సంగతి ఈ ఆటే. పాఠ్యపుస్తకంలో కాకతీయుల సైన్యం ఒక్క పేరా. ఆటలో ద్రవిడియన్లతో రెండు వందల గంటలు. ఏది గుర్తుంటుంది? 'మనోళ్లకు గుర్రాలు లేవు' అన్న ముద్ర అలాగే పడుతుంది. మా ఇంట్లోనే పడబోయింది కాబట్టి ఈ వాదన వైపు నేను కొంచెం ఎక్కువ మొగ్గుతాను.

మూడో మాట తక్కువమంది అంటారు. అసలు ఆధారాలే వంకరగా ఉన్నప్పుడు దేన్ని బట్టి సరిచూస్తారు? చెరువు కట్టల మీద కనబడే వీరగల్లునే తీసుకోండి. మా అత్తగారి ఊళ్లో ఒకటుంది. పసుపు పూసీ పూసీ ముఖం అరిగిపోయింది. కుడిచేతిలో పొట్టి కత్తి, ఎడమచేతిలో గుండ్రటి డాలు, జుట్టు పక్కకు ముడి, ఒంటి మీద కవచం జాడ లేదు. దీన్ని చూసి ఆ కాలపు భటుడు కవచం లేకుండా యుద్ధానికి వెళ్లేవాడని చెప్పొచ్చా? శిల్పి చెక్కింది చనిపోయిన వీరుణ్ణి, స్వర్గానికి పోయే రూపంలో. కవచం కప్పితే వీరుడి ఛాతీ కనబడదు. ఆ రాయి కూడా ఒక రకంగా యూనిట్ బొమ్మే.

పానగల్లు ముట్టడి, ల్యాప్‌టాప్ మీద

సెలవులు అయిపోయే ముందు మేనల్లుడు ఆటలోని ఎడిటర్ తెరిచాడు. సొంత పటం గీసుకుని, 'ట్రిగ్గర్' అనే షరతులు పెట్టుకునే చోటు అది. ఏ యుద్ధం పెట్టాలని అడిగాడు. ఫిరోజ్ షా బహమనీ పాంగల్ ముట్టడి చెప్పాను. 15వ శతాబ్దం రెండో దశకం చివర్లో జరిగింది. చరిత్రకారుడు ఫిరిష్తా సుమారు రెండు వందల ఏళ్ల తర్వాత రాసిన ప్రకారం సుల్తాను రెండేళ్లు కోట చుట్టూ కూర్చున్నాడు, కోట పడలేదు. దండులో మనుషులకూ గుర్రాలకూ జబ్బు పాకింది. అప్పుడు విజయనగర సైన్యం వచ్చి మీద పడింది. అది మా నల్లగొండ పక్కనున్న పానగల్లా, వనపర్తి దగ్గరి పానగల్ కోటా అన్నదానిపై చరిత్రకారులది రెండు దారులు. మావాడు ఆలోచించకుండా మన ఊరి పక్కదే అన్నాడు. ఉదయసముద్రం చెరువు కూడా గీశాడు.

జబ్బు ఎలా పెట్టాలన్నది కాసేపు తేలలేదు. చివరికి ఒక షరతు రాశాడు: నిమిషం గడిచినప్పుడల్లా కోట బయటున్న ప్రతి భటుడికీ, గుర్రానికీ 10 ప్రాణం తగ్గాలి. సుల్తాను పక్షం ఆడమని పక్కింటి దోస్తును పిలిచాడు. వాడు దర్జాగా వచ్చి కూర్చుని నలభై మంది రౌతుల్ని వరసగా నిలబెట్టాడు. పది నిమిషాలకల్లా ఒక్కరూ మిగల్లేదు, ఒక్క బాణం కూడా తగలకుండానే. కొత్తవాళ్లను తయారుచేశాడు, వాళ్లూ అంతే.

"ఇదేం అన్యాయంరా? నా సైన్యం ఊకెనే సచ్చిపోతుంది. నేనాడ" అని మౌస్ పక్కకు నెట్టేశాడు.

మావాడు గడియారం చూశాడు. "ఫిరోజ్ షా రెండేండ్లు కూసున్నడురా. నువ్వు ఇరవై నిమిషాలు గూడ కూసోలే."